వంద మీటర్ల అల

ఏమండీ,

నమస్కారం. ఇక్కడ నేనూ, అమ్మాయీ, అత్తయ్యా కులాసా. అక్కడ మీరూ కులాసాయేనని మీరే రాశారు కాబట్టి ప్రస్తుతానికి నమ్ముతున్నాను.

మీరడిగిన వంటింటి కుళాయి ఇంకా కారుతూనే ఉంది. అత్తయ్య మాత్రలు వేసుకుంటోంది, అదీ నేను ఎదురుగా నిలబడితేనే. తల్లీకొడుకులది ఒకటే తీరు.

ఇక నా అనుమానం. గుండెపోటు వచ్చాక ఇక ఇంజను పనికి ఓడ ఎక్కనని మాటిచ్చి వెళ్లారు. పోయిన ఉత్తరంలో "ఓడ ఎక్కడం లేదు, రేవు ఒడ్డునే స్టోరు గదిలో కూర్చుంటున్నా" అని మాటిమాటికీ రాశారు. నేను అడగనేలేదే! గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది.

అందులోనే అమ్మాయికి అల వేగం కట్టడం నేర్పారు. "స్టోరు కిటికీలోంచి చూసి రాస్తున్నా. ఎనిమిది సెకన్లకో అల, అంటే సెకనుకు అలలో ఎనిమిదో వంతు. ఒక అల నెత్తి నుంచి ఇంకో అల నెత్తికి వంద మీటర్లు. రెండూ గుణించు తల్లీ" అన్నారు. అమ్మాయి గుణించి, "సెకనుకి పన్నెండున్నర మీటర్లమ్మా! మన బస్సంత జోరు!" అని గంతులేసింది. నేను మాత్రం ఆ ఉత్తరం మళ్లీ మొదటి నుంచి చదివాను.

రేవు గోడ లోపల నీళ్లు తొట్టిలో నీళ్లలా ఉంటాయని చెప్పింది మీరే. అక్కడ బస్సంత జోరుగా పోయే అల ఎక్కడిది? నీళ్ల మీద వంద మీటర్లు ఏ టేపు పెట్టి కొలిచారు? మీ ఓడ పొడవే వంద మీటర్లు. ముక్కు ఒక అల మీద, తోక ఇంకో అల మీద ఉంటే కొలత దానంతటదే దొరుకుతుంది. ఓడ పోతుంటే ఆ ఎనిమిది సెకన్ల లెక్క కుదరదు కాబట్టి, నడిసముద్రంలో ఇంజను ఆపి, అది చల్లారేదాకా పైకొచ్చి నిలబడ్డారు కదూ?

అమ్మాయికి ఏమీ చెప్పలేదు. ఆ లెక్కకు బళ్లో మంచి మార్కులొచ్చాయని మురిసిపోతోంది.

నేనూ ఒకటి దాచానండీ. ఆస్పత్రిలో మిమ్మల్ని బయట కూర్చోబెట్టి డాక్టరు నాతో అన్నది "కొన్నాళ్లు విశ్రాంతి" అని కాదు. "మళ్లీ వస్తే పక్కనే ఆస్పత్రి ఉండాలమ్మా, లేకపోతే మనిషి దక్కడు" అన్నాడు. మీరు బెదిరిపోతారని మెత్తగా చెప్పాను. అందుకే ధైర్యంగా ఓడెక్కారేమోనని ఇప్పుడు భయంతో చచ్చిపోతున్నాను.

ఇక అలలు లెక్కపెట్టింది చాలు. నాడి పట్టుకుని, నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటోందో చూసుకోండి. ఆ అంకె ఉత్తరంలో రాస్తే మాత్రం నమ్మను. వచ్చి చెయ్యి నా చేతిలో పెట్టండి, నేనే లెక్కపెట్టుకుంటాను.

ఇట్లు,
గుమ్మం వైపే చూస్తూ,
మీ ఇల్లాలు