కెజియా పేరు మీద లెక్కలు

జూలై 3, బుధవారం

ఎట్టకేలకు లెక్కల మాస్టారు దొరికారు. ఉండేది విజయనగరంలో, పాఠం మాత్రం ఫోన్‌లోనే. ఇక్కడ దీవిలో, మా గరాచర్మలో ట్యూషన్‌కి టెన్త్ చదివే మా అమ్మాయి కెజియా పోనంటుంది. క్లాసు పిల్లలంతా అక్కడే, తనకు రాదని అందరికీ తెలిసిపోతుందట. తెలుగు మాస్టారే కావాలని మా ఆయన పట్టు. "మనోడైతే ఘర్ కా ఆద్మీ లాగ చెప్తాడు, చూడు." చూడాలి.

జూలై 5

మొదటి క్లాసు, సాయంత్రం ఆరింటికి. మాకు అప్పటికే చీకటి. ఆయన కిటికీలో ఇంకా వెలుగుంది. వాన మొదలవగానే బొమ్మ ఆగిపోయింది. ఇకమీదట కెమెరా ఆపేసి, జవాబులు టైపు చేసి పెట్టమన్నారు.

జూలై 8

పిల్లకు ఒక్క ముక్క అర్థం కావడం లేదు. ఆయన వర్గ సమీకరణం అంటారు, లంబకోణ త్రిభుజం అంటారు. ఇది ఒకటో క్లాసు నుంచీ ఇంగ్లీషు మీడియం. ఇంట్లో గలగలా మాట్లాడుతోంది కదా, సరిపోతుందనుకున్నాం... అన్నం కూరల తెలుగూ లెక్కల తెలుగూ ఒకటేనా? మా ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు.

"మమ్మీ, సర్ తెలుగు బహుత్ భారీ ఉంది. నువ్వు పక్కన కూర్చో."

కూర్చున్నాను. నాది తెలుగు మీడియమే.

జూలై 12

నేను దానికి చెప్పి, అది చేసి, టైపు చేసేలోగా మాస్టారు తర్వాతి లెక్కకి వెళ్లిపోతున్నారు. ఇవాళ ఒకటి నేనే చేసి పెట్టేశాను. ఈ ఒక్కటే.

జూలై 19

ఒక్కటి కాదు. అన్నీ నేనే. కెజియా పక్కన గోళ్లకు రంగు వేసుకుంటోంది. "తూ కర్ నా, మమ్మీ." చివర్లో మాస్టారు, "శభాష్ కెజియా, చురుకైన పిల్లవమ్మా" అన్నారు. సిగ్గేసింది. సంతోషం కూడా వేసింది. ఏది ఎక్కువో తెలియలేదు.

జూలై 21, ఆదివారం

చర్చిలో పాస్టరుగారు పిల్లల చదువుల కోసం ప్రార్థన చేస్తున్నారు. నేను కళ్లు మూసుకుని శుక్రవారం తేలని లెక్క చేస్తున్నాను. తేలింది. ఆమెన్.

జూలై 26

"ఇవన్నీ నీకెలా వచ్చాయే?" అన్నాడు మా ఆయన, పుస్తకంలో నా రాత చూసి. పిల్లకు చెబుతున్నానని అన్నాను. అబద్ధం కాదు... నిజమూ కాదు.

పుట్టింట్లో, హోప్ టౌన్‌లో నేను టెన్త్ చదువుతున్న ఏడాదే సునామీకి సముద్రం ఊళ్లోకి వచ్చింది. జెట్టీ పక్కన నాన్న కొట్టు పోయింది. బడిలో ఇళ్లు పోయినవాళ్లు కాపురముండేవారు. పరీక్ష రాశాను, లెక్కల్లో బాగానే వచ్చాయి. పై చదువు మాట ఎవరూ ఎత్తలేదు. మనుషులే పోయినవాళ్లు చుట్టూ ఉంటే, నేను మాత్రం ఏమని అడగను? బాధ లేదనే అనుకున్నాను ఇన్నాళ్లూ. ఉంది.

ఆగస్టు 2

స్కూల్ టెస్టులో కెజియాకి ఎనభైకి పద్దెనిమిది. బోర్డు పరీక్షకి లెక్కలు బేసిక్కా, స్టాండర్డా, సోమవారం స్కూల్లో చెప్పాలట. బేసిక్ తేలిక పేపరు. కానీ అది రాస్తే పదకొండో క్లాసులో లెక్కలు తీసుకోవడం కష్టమంటున్నారు. మా ఆయన మాస్టారికే ఫోన్ చేశాడు, స్పీకర్ పెట్టి.

"బేసిక్కేటండీ? నా దగ్గరున్న పిల్లల్లో మీ పాపే ముందుంది. స్టాండర్డే రాయించండి."

పద్దెనిమిది ఎందుకొచ్చాయంటే, పరీక్ష భయమండీ అన్నారు. మా ఆయన సంబరంగా అబర్డీన్ బజార్ వెళ్లి జిలేబీ తెచ్చాడు. కెజియా నన్ను చూసింది. నేను జిలేబీని చూశాను.

ఆగస్టు 3

"నీకేం కావాలే?" అని అడిగాను.

"బేసిక్. ఎన్నిసార్లు చెప్పను? లెక్కలు నీకు కావాలి మమ్మీ, ముఝే నహీ." కోపంగా కూడా అనలేదు. పప్పాకి నిజం చెప్పెయ్ అంది.

"చెప్తే క్లాసు మానిపించేస్తారే" అన్నాను. ఆ మాట ఎలా వచ్చిందో.

ఆగస్టు 4

చెప్పలేదు. స్టాండర్డ్ అని ఆయన అందరికీ చెప్పేస్తున్నాడు, చర్చి మెట్ల మీద కూడా. దానికి నిజంగానే రాదా, లేక నేను రానివ్వలేదా? మొదట్లో ఒకటి రెండు తనే చేసింది కదా...

ఆగస్టు 5, సోమవారం

పొద్దున్నే కెజియా యూనిఫాం వేసుకుని నా చేతికి ఫోన్ ఇచ్చింది. "పప్పాకి చెప్పలేకపోతే సర్‌కి చెప్పు. సర్ పప్పాకి చెప్తారు."

చేశాను.

"చెప్పండమ్మా" అన్నారు మాస్టారు.

"మాస్టారూ... మీరు పెద్దవాళ్లకి కూడా చెప్తారా?"

"ఎవరికండీ?"

ఫోన్ పెట్టేశాను. దాని గురించి చెప్పడానికి చేసి, నా గురించి అడిగాను. కెజియా ఎదురుగానే ఉంది, అంతా వింది. బ్యాగు తగిలించుకుని బస్సుకి వెళ్లిపోయింది. స్కూల్లో ఏ పేపరని చెబుతుందో... మధ్యాహ్నానికి గానీ రాదు.