నల్లాకు చెప్పుకున్న కలలు

నార్కట్‌పల్లి,
ఆగస్టు 4, 2023

ఉజ్మా దాదీ అజీజా బేగం గారికి, ఉజ్మా క్లాస్ టీచర్ గ్రేస్ నమస్కారాలు.

మీ మనవరాలు మా గురుకులంలో ఎనిమిదో తరగతిలో చేరి రెండు నెలలు కావస్తోంది. వాళ్ళ నాన్న ఖలీద్ గారు ఎప్పుడూ లారీ మీదే ఉంటారు, ఫోన్‌కు దొరకరు. అందుకని మీకే రాస్తున్నాను. పిల్ల ఆరోగ్యంగానే ఉంది, భయపడకండి. (ఇట్లా రాస్తేనే ఇంట్లో వాళ్ళు భయపడతారని మా ప్రిన్సిపల్ మల్లీశ్వరి మేడం అంటున్నారు. అయినా రాసేశాను.)

విషయం ఏమిటంటే, సాయంత్రం స్టడీ అవర్‌లో అందరూ పుస్తకాల్లో ఉంటే ఉజ్మా కిటికీలో ఉంటుంది. గుట్ట మీది మబ్బులను చూస్తూ, పెదవులు కదుపుతూ, ఉన్నట్టుండి నవ్వుకుంటుంది. ఏం చూస్తున్నావంటే ఏమీ లేదు టీచర్ అంటుంది. యూనిట్ టెస్టులో లెక్కల పేపరు సగం తెల్లగా ఇచ్చింది. అంతకంటే నాకు దిగులుగా ఉన్నది ఇంకొకటి. పొద్దున ప్రేయర్ బెల్లుకు ముందు చేతులు కడిగే చోట చివరి నల్లా దగ్గరికి వెళ్ళి, నీళ్ళు వదిలి, దాని చెవిలో చెప్తున్నట్టు వంగి ఏదో గుసగుసలాడుతుంది.

నేను ఈ మధ్యే నల్లగొండలో పిల్లల మనసుల గురించి ట్రైనింగ్ తీసుకున్నాను. నల్లాతో మాట్లాడే పిల్ల గురించి అక్కడ ఎవరూ చెప్పలేదు. అర్ధ సంవత్సరం పరీక్షల్లో కూడా ఇట్లాగే ఉంటే, కొన్నాళ్ళు ఇంటికి పంపేద్దామని ప్రిన్సిపల్ మేడం అంటున్నారు. ఇంటికి వెళ్ళిన పిల్లలు మళ్ళీ రావడం నేను పెద్దగా చూడలేదు. ఆమెకు దేనివల్ల హుషారు వస్తుందో దయచేసి రాయండి.

మీ పిల్లను పోగొట్టుకోవడం ఇష్టంలేని,
గ్రేస్

తా.క. ట్రైనింగులో మాకు సంతోషం, కోపం, భయం అన్నీ రంగులు వేసిన చక్రం ఒకటి ఇచ్చారు. నీ మనసు ఎక్కడుందో వేలు పెట్టమంటే ఉజ్మా చక్రం బయట, బల్ల మీద పెట్టింది.

---

నారాయణపేట,
ఆగస్టు 13

గ్రేస్ టీచరమ్మకు దాదీ సలాం.

నీ ఉత్తరం ముట్టింది. ఏడో తరగతి దాక తెలుగు మీడియంలనే చదివిన, అందుకే నేనే రాస్తున్న. రోజంత చీరల కొంగులకు కుచ్చులు ముడేసే చేతులు, అక్షరాలు గూడ ముళ్ళు పడ్డట్టే ఉంటయి, ఏమనుకోకు. ఫోన్ చేద్దునా అంటె టీచర్ల గొంతు ఇనంగనే నాకు జీ జీ అనుడు తప్ప ఇంకో మాట రాదు.

నల్లాతోని మాట్లాడితె పిచ్చి కాదు తల్లీ. మా ఇంట్ల అందరం మాట్లాడుతం. చెడ్డ కల వస్తె మనిషికి చెప్పొద్దు, పారే నీళ్ళకు చెప్పాలె. నీళ్ళు దాన్ని తీస్కపోతయి. ఈడ నల్లా రోజు విడిచి రోజు వస్తది, నల్లా రాని రోజు చెడ్డ కల వచ్చినోళ్ళు తెల్లారేదాక మూతి ముడుచుకొని తిరుగుతరు. మీ దగ్గర ఎప్పుడు తిప్పితె అప్పుడు నీళ్ళంట గద, నసీబున్నోళ్ళు.

మంచి కలయితె మాత్రం మనమంటె పానమిచ్చేటోళ్ళకే చెప్పాలె, పొద్దుగాల, చాయ్ తాగకముందు. ఇంటి కాడ ఉన్నప్పుడు ఉజ్మా రోజు నా మంచం పట్టె మీద కూసొని చెప్పేది. ఒకనాడు ఏం చెప్పిందో ఇను. మా గల్లీల మగ్గాలన్నీ కలిసి వాన నేసినయంట. ఒక్కో ఇంటి ముంగట ఒక్కో రంగు వాన. ఎవలింటి ముంగట ఏ రంగు పడ్తె ఆ రంగు అంచున్న గొడుగు పట్టుకొని పోవాలెనంట, లేకుంటె తడుస్తరంట. గసొంటి పిల్లకు ఆడ చెప్పుకునేతందుకు ఒక్క మనిషి లేదు. నోట్ల కలలు పెట్టుకొని లెక్కలెట్ల చేస్తది?

నువ్వే ఇను. నడుమల అడ్డం రాకు, తప్పులు దిద్దకు. అయిపోయినంక "ఖైర్, మంచే అయితది" అను, చాలు. కాని ఇంటికి మాత్రం పంపకు. తల్లి లేని పిల్ల. మా ఇంట్ల ఆడపిల్ల పదో తరగతి దాటలేదు, ఇది దాటుతదని నేను కండ్లల్ల వత్తులేసుకొని చూస్తున్న.

నీ మీద భారమేసిన,
అజీజా బేగం

తా.క. చక్రం బయట వేలు పెట్టిందంటె మా పిల్లకు అది చిన్నగయినట్టు. జర పెద్దది గీయి.

---

నార్కట్‌పల్లి,
సెప్టెంబర్ 9

అజీజా అమ్మకు, గ్రేస్ నమస్కారాలు.

మీరు చెప్పినట్టే చేశాను. రోజూ పొద్దున వరండా మెట్ల మీద కూర్చుని ఉజ్మా కల వింటున్నాను. మోత్కూరులో మా నాన్న సాల్మన్ గారు పాస్టరు. ఆయనకు తెలిస్తే ఏమంటారోనని మొదట కొంచెం జంకాను. కానీ ఆ కలలు వింటుంటే ప్రేయర్ బెల్లు కూడా వినిపించడం లేదు. ఒకరోజు మన హైవే నిండా చెరువు వచ్చిందట, లారీలన్నీ బాతుల్లా ఈదుకుంటూ టోల్‌గేటు కింది నుంచి పోతున్నాయట. ఇంకోరోజు అక్షరాలకు సెలవిచ్చారట. పుస్తకాలు తెరిస్తే తెల్ల కాగితాలే, అక్షరాలన్నీ గుట్ట మీద మేకల్లా మేస్తున్నాయట.

ట్రైనింగులో చెప్పారు కదా అని, గోడ మీద చార్టు పెట్టి కలకొక చుక్క అంటించాను. పొరపాటు అక్కడే జరిగినట్టుంది. చుక్కలు చూసి డార్మిటరీ అంతా కలలు తెచ్చారు. మంచివి నాకు, చెడ్డవి నల్లాకు అని ఉజ్మా వాళ్ళకు నియమం చెప్పింది. సోమవారం పొద్దున నల్లాల ముందు పిల్లలు బారులు తీరి, ఒక్కొక్కరు తీరిగ్గా కష్టం చెప్పుకునేసరికి స్నానాలకు ముందే ట్యాంకు ఖాళీ. పైపు పగిలిందేమోనని వాచ్‌మన్ పెద్దులు ప్లంబర్ వీరేశాన్ని పిలుచుకొచ్చాడు. వీరేశం పైపుకు చెవి ఆనించి చాలాసేపు విని, పైపు మంచిగున్నది, పిల్లలకే ఏదో బాధ ఉన్నదని చెప్పి వెళ్ళిపోయాడు. విద్యార్థినులు నల్లాలతో సంభాషించరాదని ప్రిన్సిపల్ మేడం నోటీసు పెట్టారు.

ఇంత జరిగినా ఉజ్మా చదువు బాగుపడలేదమ్మా. కిటికీ ఇంకా ఎక్కువైంది. ఇదివరకు స్టడీ అవర్ వరకే, ఇప్పుడు సైన్సు క్లాసులోనూ కిటికీయే. ముఖం కూడా వాడిపోయింది. కలలు చెప్పుకుంటే తేలికవ్వాలి కదా, మరి ఎందుకిట్లా అవుతోంది? పరీక్షలు దగ్గర పడ్డాయి. నాకేమీ తోచడం లేదు.

దారి తెలియని,
గ్రేస్

తా.క. నిన్న పొద్దున ఎవరూ లేరనుకుని నేనూ చివరి నల్లా దగ్గర నిలబడ్డాను. చెప్పుకోవడం అయ్యాక వెనక్కి తిరిగితే ప్రిన్సిపల్ మేడం తన వంతు కోసం నిలబడి ఉన్నారు.

---

నారాయణపేట,
సెప్టెంబర్ 18

టీచరమ్మా,

ఈసారి సలాం తర్వాత, ముందుగాల నా మాట ఇను.

ఆదివారం ఆదివారం ఉజ్మా మీ హాస్టల్ ఫోన్ నుంచి మా పక్కింటి నాగులమ్మ ఫోన్‌కు చేస్తది. వారమంత వచ్చిన కలలు నాకు చెప్తది. మొన్న ఆదివారం చేసి, "ఈ వారం కలలేం రాలేదు దాదీ" అన్నది. గొంతు సన్నగ ఉన్నది. ఏమైంది బిడ్డా అంటె ఏం లేదన్నది. 

ఏం చేసినవమ్మా నా పిల్లను? తాత పోయిన ఏడు మొదలైనయి దానికి కలలు. అప్పటి సంది ఒక్కనాడు గూడ ఆగలే. నీ దగ్గర ఆగినయి. చుక్కలంటించినవంట. కలకు చుక్కేందమ్మా? మా ఇంటి మీద చుక్కలు లేవా? నేను ఇను అన్నగాని దుకాణం పెట్టు అన్ననా?

పదో తరగతి వద్దు, ఏదొద్దు. నాకు పిల్ల కావాలె. ఖలీద్ లారీ వచ్చే నెల మొదటి వారంల అటు దిక్కు వస్తది. నేను గూడ ఎక్కి వస్త. ఉజ్మా బట్టలు, పెట్టె సదిరి పెట్టు.

నిన్ను మంచిదానివనే అనుకుంటున్న,
అజీజా బేగం

తా.క. లారీల ఉల్లిగడ్డ ఉంటది. గేటు కాడ ఆగంగనే మీ వంటోళ్ళు హాస్టల్ సామాననుకొని దించుకోవద్దని పెద్దులుకు చెప్పు.

---

నార్కట్‌పల్లి,
సెప్టెంబర్ 22

అమ్మా,

స్పీడ్ పోస్టులో పంపుతున్నాను. లారీ ఎక్కకముందే ఇది మీకు అందాలి.

మీ ఉత్తరం ఉజ్మాకు చదివి వినిపించాను. లారీ మాట వచ్చేసరికి ఏడ్చింది. ఏడుస్తూనే చెప్పింది.

"నాకు కలలు రావు టీచర్. పండుకుంటె మళ్ళ బెల్లుకే లేస్త."

ఒక్క కల కూడా ఎప్పుడూ రాలేదటమ్మా. తాతయ్య సర్దార్ గారు పోయాక మీరు గోడవైపు తిరిగి పడుకున్నారట. తినలేదట, కుచ్చులు ముట్టలేదట. దవాఖాన నుంచి గోళీలు తెచ్చినా లేవలేదట. ఒక పొద్దున ఈ పిల్లకు ఏం చేయాలో తెలియక మీ మంచం దగ్గర కూర్చుని, తాత కలలోకి వచ్చాడని అబద్ధం చెప్పింది. "అజీజా, నువ్వు లేస్తలేవని నాకు మస్తు ఫికరైతాంది, జర లెవ్వు" అన్నాడని చెప్పింది. మీరు లేచి కూర్చుని, పొయ్యి ముట్టించారట. అప్పటి నుంచి మిమ్మల్ని లేపడానికి రోజుకో కల అల్లుతోంది.

ఇక్కడికి వచ్చాక ఆదివారం మీకు చెప్పాల్సినవి స్టడీ అవర్‌లో కిటికీ దగ్గర తయారుచేసుకుంటోంది. వాటిని నేను రోజూ పొద్దున చుక్కలిచ్చి తీసేసుకున్నాను. మీకు మిగల్లేదు. అందుకే సైన్సు క్లాసు కూడా చాల్లేదు.

చెడ్డ కలలు కూడా రానప్పుడు నల్లాకు ఏం చెప్తావని అడిగాను. "దాదీ లేసిందా అని అడుగుత" అంది.

నేను ఇన్నాళ్ళూ పిల్లకు వైద్యం చేస్తున్నాననుకున్నాను. ప్రిన్సిపల్ మేడంకు అంతా చెప్పాను. పరీక్షలయ్యేవరకు పంపే మాట ఎత్తనన్నారు. కానీ మీరు రోజూ లేస్తున్నారని గట్టి నమ్మకం కుదిరితే తప్ప ఈ పిల్ల కిటికీ వదలదు. నోటి మాటలు నమ్మదు. మాటలు అల్లే విద్యలో మనకంటే ఆరితేరింది. ఏం చేయమంటారు?

సిగ్గుతో,
గ్రేస్

తా.క. చుక్కల చార్టు తీసేశాను. పిల్లలు ఊరుకున్నారు కానీ, ప్రిన్సిపల్ మేడం మాత్రం తన రెండు చుక్కలు ఏమయ్యాయని అడిగారు.

---

నారాయణపేట,
సెప్టెంబర్ 27

గ్రేస్ బిడ్డకు దాదీ ప్రేమతో రాసేది.

లారీ వద్దన్న. ఖలీద్ ఒక్కడే పోతడు.

నువ్వు రాసింది చదివి ఏడ్చిన, నవ్విన గూడ. ఇగ నీకొక్కదానికే ఒక మాట చెప్తున్న. అది అబద్ధమని నాకు మొదటి రోజే తెలుసు.

మా ఆయన మంచోడే, కాని నన్ను ఏనాడు పేరు పెట్టి పిలువలే. ఖలీద్ పుట్టకముందు "ఇగో" అనెటోడు, పుట్టినంక "ఖలీద్ అమ్మా" అనెటోడు. దవాఖానల ఆఖరి రోజు గూడ "ఇగో" అనే అన్నడు. ఫికరైతాంది అని ఆయన నోటి నుంచి ఎవ్వరు ఇనలే. పిల్లదానికి తాత ఎట్ల మాట్లాడితె మంచిగుంటదో అట్ల మాట్లాడిపిచ్చింది.

అబద్ధమని తెలిసే లేసిన. నేను పండుకుంటె ఇంత చిన్న పిల్ల ఇన్ని అబద్ధాలాడాలె గద అని లేసిన. నేను నమ్ముతున్ననంటె దానికి ధైర్యంగ ఉంటదని రోజు నమ్మిన. అది కలలల్లుడు ఆపిందంటె దానికి ఏదో అయిందని మొన్న అంత భయపడ్డ. నిన్ను అనరాని మాటలన్న, మనసుల పెట్టుకోకు.

ఇగ వంతు నాది. రోజు పొద్దుగాల లేసి కార్డు ముక్క మీద కల రాసి పంపుత. నా కొక్కిరి బొక్కిరి అక్షరాలు చూస్తె దాదీ లేసిందని దానికి తెలుస్తది. లేవకుంటె ఎవలు రాస్తరు? ఇయ్యాల్టి కల ఇది, చదివి ఇనిపియ్యి. నారాయణపేట నుంచి నార్కట్‌పల్లి దాక ఒకటే చీర పరిచినరు. నేను దాని మీద చెప్పుల్లేకుంట నడుసుకుంట వచ్చిన. మీ బడి కిటికీల నుంచి తొంగి చూసిన. ఉజ్మా నా దిక్కు చూడలే, బోర్డు దిక్కే చూస్తున్నది. నాకు మస్తు సంతోషమైంది. ఇది నిజంగ వచ్చిందా, నేనే అల్లిననా అని మాత్రం అడగొద్దు.

పొద్దుగాల లేసే,
అజీజా

తా.క. నాకు తెలుసన్న సంగతి ఉజ్మాకు చెప్పకు. ఆదివారం లెక్కలన్నీ అయినంక ఒకే ఒక్క కల అల్లుకోనియ్యి. అందుల తాతను ఒక్కసారి రానియ్యమను. అబద్ధమైతె ఏమాయె, ఆయన నోట్ల నా పేరు శానా మంచిగ ఇనిపిచ్చింది. ఇదంత దానికి అనుమానం రాకుంట ఎట్ల చెప్పాల్నో మీ ట్రైనింగుల నేర్పే ఉంటరు.