పనికి ఎప్పుడు పిలుస్తరు?

బాపూ,

నువ్వు పోయినంక నేను ఆక్యుపేషనల్ థెరపీ చదివిన. దెబ్బతిన్న చేతికి మళ్ల పని నేర్పే నాలుగేండ్ల చదువు. ఇప్పుడు నువ్వు పనిజేసిన సూరత్‌లనే ఆస్పత్రిల ఇంటర్న్‌షిప్ చేస్తున్న.

ఇయ్యాల పాండేసర బట్టల మిల్లుల చెయ్యి నలిగినాయన వచ్చిండు. మన సిరిసిల్ల దిక్కే. ముడి ఎయ్యమని దారమిస్తే ముట్టలే. "ఆక్యుపేషనంటే పనే గద బిడ్డా, నన్ను పనికి ఎప్పుడు పిలుస్తరు?" అన్నడు.

నీ చెయ్యి నలిగినప్పుడు నువ్వూ గట్లనే అనుకొని, మిల్లు కార్డు జేబుల వెట్టుకొని థెరపీ గదికి పోతివి. ఇక్కడ పనియ్యరు అనంగనే ఆ గదిల మళ్ల అడుగు వెట్టలే. నీ వేళ్లు అట్లనే బిగుసుకపోయినయ్.

"ఇది కొలువు కాదు, వైద్యం" అని చెప్పేటందుకే గద నేను చదివింది? గని చెప్తే ఆయన గూడ మళ్ల రాడు. ఏం జెయ్యాలె నేను?

పోయేటప్పుడు, రేపు మిల్లు కార్డు తెస్తనన్నడు.