చుక్క కారని రబ్బరు సీలు

మాసయ్యా, నేను మీ అమ్మ తిమ్మమ్మను. డెబ్బై దాటాయి. అశోక్‌నగర్ కిరాయింట్లో నీ బిడ్డ మనీష, నేను క్షేమం. ఫోనులో మధ్యలోనే పెట్టేస్తావు, అందుకే కార్డు.

"పిల్లను ఫ్యాక్టరీ కొలువు మాన్పించి తోల్కరా" అన్నావు. ఆ ఫ్యాక్టరీకే వెళ్లి చూశాను. వాల్వు లోపల బిగించే రబ్బరు సీలు మనీష తయారుచేసింది, నా గాజంతే ఉంది. దాన్ని బిగించి మిషనుతో నీళ్లు నెడితే ఇనుప పైపు వణికింది. కింద చెయ్యి పెట్టాను, పొడిగా ఉంది! మీ నాయన బతుకంతా బావినీళ్లు తోడే మోటబొక్కెనల తోలు కుట్టినా, కారని బొక్కెన నేను చూడలేదు.

"ఎన్నాళ్లు ఆగుతదే?" అని మనీషను అడిగాను.

"అదే చూస్తున్న. రోజూ వాల్వు తెరుస్తున్న, మూస్తున్న అవ్వా. ఇంకా అరగలేదు."



బర్రె ఈనిందా? కోడలికి దీవెనలు. పిల్ల రాదు. నువ్వే జొన్నలు పట్టుకొని వచ్చి, ఆ సీలు కింద చెయ్యి పెట్టు. తడిస్తే తోల్కపో.

తిమ్మమ్మ వేలిముద్ర.
సాక్షులు: కార్డు రాసిన పైగది రోజా, పక్కింటి మంజుల.