హవార్ దగ్గర వదిలేసిన లంగరు

అరాద్, బహ్రెయిన్
శుక్రవారం మధ్యాహ్నం

చిరంజీవి జస్వంత్‌కి,

అమ్మ ఆశీస్సులు. కోడలు మధులికకీ చెప్పు. ఇక్కడ మేమిద్దరం బాగానే ఉన్నాం. ఆ "బాగానే" ఎంతవరకూ నిజమో ఈ ఉత్తరం చదవడం అయ్యాక నువ్వే తేల్చుకో. విశాఖలో మీరిద్దరూ కులాసాగా ఉన్నారని అనుకుంటున్నాను.

నీ స్నేహితుడు పరమేశ్ చేతికిచ్చి పంపిన నీ ఉత్తరం, చింతకాయ పచ్చడి, మోకాలి పట్టీ అందాయి. పాపం, హమద్ టౌన్ నుంచి పని మానుకుని మరీ వచ్చి ఇచ్చి వెళ్ళాడు. ఆదివారం మళ్ళీ విశాఖ వస్తున్నాడట, అందుకే ఇవాళే కూర్చుని రాస్తున్నాను. ఫోన్లో అయితే నాన్న పక్కనే ఉంటారని ఉత్తరం రాశానన్నావు. నేనూ అందుకే రాస్తున్నాను. ఆయన భోంచేసి పడుకున్నారు.

నా మోకాలు అలాగే ఉంది. పట్టీ వేసుకుంటే మెట్లు దిగగలను, ఎక్కడమే కష్టం. జుఫైర్ ఇల్లు ఖాళీ చేసి ఇక్కడికి వచ్చినప్పుడు కట్టిన అట్టపెట్టెల్లో సగం ఇంకా విప్పలేదు. ఎలాగూ నీ దగ్గరికి వచ్చేటప్పుడు మళ్ళీ కట్టాల్సినవే కదా అని వదిలేశాను. పొద్దున్న కావలసిన గరిటె కోసం రెండు పెట్టెలు వెతికి, చివరికి స్పూనుతో పోపు వేసుకున్నాను. చిన్న పనికే కూర్చోవాలనిపిస్తోందిరా. ఎవరైనా వచ్చి "మీరు లేవకండి, నేను చూసుకుంటా" అంటే బావుండునని రోజూ అనుకుంటాను. నీ ఇంటి కింద పోర్షన్ ఖాళీ చేయించి మాకోసం సున్నం వేయించావని చదివినప్పుడు కళ్ళు చెమర్చాయి. అది మాత్రం నమ్ము.

"పడవ అమ్మారా లేదా? ఆ పిచ్చి వదలని మనిషి కోసం నువ్వెందుకు అరిగిపోవాలి?" అని రాశావు. పడవ అమ్మలేదు. ఎందుకన్నది చెప్పాలంటే ముందు హవార్ సంగతి చెప్పాలి. కోప్పడకుండా చదువు.

పోయిన నెలలో నాన్న అన్నారు, "పడవ ఎవరికైనా ఇచ్చేసే ముందు ఒక్కసారి హవార్ దీవుల దాకా వెళ్ళొద్దాం దుర్గా. పాతికేళ్ళుగా అనుకుంటూనే ఉన్నాం." నిజానికి అనుకుంటున్నది ఆయన. నాకు ఆ తెరచాప పడవ ఎప్పుడూ సవతిలాంటిదే. నీ చిన్నప్పటి శుక్రవారాలన్నీ దాని అడుగు గీకడంలోనే పోయాయి, నువ్వు ఎక్కిన ప్రతిసారీ వాంతి చేసుకునేవాడివి. అయినా సరేనన్నాను. కోస్ట్‌గార్డ్ అనుమతి తీసుకుని, తోడుగా నర్సింగ్‌ని తీసుకెళ్ళాం. అతను జగిత్యాల వైపు మనిషి, రేవులో పడవలకి రంగులు వేస్తాడు. నీళ్ళంటే భయం. నా మాట కాదనలేక వచ్చాడు.

వెళ్ళేటప్పుడు గాలి ఎంత మెత్తగా ఉందో. తోవలో నీళ్ళల్లో గేదెల్లాంటి నున్నటి వీపులు పైకి లేచి మునిగాయి. "సముద్రపు ఆవులు" అన్నారు నాన్న. దీవికి దక్షిణపు పక్కన, ఒడ్డుకి కాస్త ఎడంగా లంగరు వేశాం. ఒకప్పుడు అక్కడ జనం ఉండేవారట. కూలిన రాతి గోడలు, నీళ్ళు పట్టుకున్న తొట్టి, చేపలు చిక్కడానికి నీళ్ళల్లో పేర్చిన రాళ్ళ కట్టలు ఇంకా కనిపిస్తున్నాయి. ఆడవాళ్ళు ఆ తొట్టి దగ్గరికి ఎండలో ఎన్నిసార్లు తిరిగి ఉంటారో అనిపించింది నాకు. పులిహోర తిన్నాం. నాన్న ఆ గోడల్ని చూస్తూ కూర్చున్నారు. సముద్రం మీద ఆయన మొహం వేరుగా ఉంటుంది జస్వంత్. ఇంట్లో ఈ మధ్య అలా లేదు.

మధ్యాహ్నం దాటాక గాలి తిరిగింది. ఉత్తరపు గాలికి దీవి అడ్డం ఉంటుందని ఆ పక్కన ఆగాం కదా, ఇప్పుడు దక్షిణం నుంచి కొట్టడం మొదలైంది. పడవ గిర్రున తిరిగి దాని వెనకభాగం ఒడ్డు రాళ్ళ వైపుకి వచ్చింది. లంగరు ఎత్తి లోతుకి పోవాలి. నాన్న ఇంజన్ వేసి చుక్కాని నా చేతికిచ్చి ముందుకి వెళ్ళారు. ఆయనా నర్సింగూ కలిసి తాడు లాగారు. అడుగున లంగరు ఏదో పాత రాతిలో ఇరుక్కుంది, రాలేదు. అల వచ్చినప్పుడల్లా పడవ ఆ తాడు మీద వేలాడుతూ రాళ్ళకి దగ్గరవుతోంది.

"సార్, కోసేద్దాం సార్," అన్నాడు నర్సింగ్. వాంతులతో అతని మొహం పాలిపోయి ఉంది. "నాకు ఈత రాదు."

నాన్న జేబుకత్తి తీశారు. తాడు మీద పెట్టారు. కత్తి తాడు మీద నిలవడం లేదు. ఆయన చెయ్యి వణుకుతోంది, చలికి వణికినట్టు కాదు, ఆ చెయ్యి ఎవరో వేరేవాళ్ళదైనట్టు. రెండో చేత్తో మణికట్టు పట్టుకుని మళ్ళీ ప్రయత్నించారు. నర్సింగ్ చూడలేక మొహం తిప్పేసుకున్నాడు.

"నర్సింగ్, కత్తి నువ్వు తీసుకో," అని అరిచాను.

"సార్ ఇడుస్తలేడమ్మా. నేనెట్ల గుంజుకుంటా?"

నర్సింగ్‌ని వెనక్కి పిలిచి, చుక్కాని ఇలాగే పట్టుకోమని చూపించి, చేతులతో పాకుతూ ముందుకి వెళ్ళాను. మోకాలి సంగతి అప్పుడు గుర్తు లేదు. "ఏవండీ, ఇటివ్వండి," అన్నాను. ఆయన నావైపు చూశారు. మా పెళ్ళయినప్పటినుంచి ఆయన నన్ను అలా చూడలేదు, దొరికిపోయిన పిల్లాడిలా. కత్తి ఇచ్చారు. తాడు తెగడానికి చాలాసేపు పట్టింది, నా అరచెయ్యి కూడా కోసుకుపోయింది. తెగాక పడవ ఒక్కసారి పక్కకి వాలింది. నాన్న అక్కడినుంచే "ఎడమకి, ఎడమకి" అని చెబుతుంటే నర్సింగ్ కళ్ళు మూసుకుని తిప్పాడు. అడుగు ఎక్కడో ఒకచోట రాయికి గీసుకుంది. అంతే, బయటపడ్డాం. లంగరు అక్కడే ఉండిపోయింది.

లోతుకి వచ్చాక ఒక చేపల పడవవాళ్ళు మా తాడు వాళ్ళ పడవకి కట్టుకోనిచ్చారు, గాలి తగ్గేదాకా. నాన్న నా అరచేతికి గుడ్డ కట్టబోయి, ముడి పడక, వదిలేశారు.

"ఎప్పటినుంచి?" అన్నాను.

"నీకు తెలీదా?"

"తెలుసు. మీరు చెబుతారని చూస్తున్నాను."

"నువ్వు అడుగుతావని చూస్తున్నాను నేను," అన్నారు.

ఉగాది ముందునుంచే నాకు తెలుసురా. చొక్కా గుండీలు నన్ను పెట్టమనేవారు, చత్వారం అనేవారు. నీకు మెసేజీలు రాయడం మానేసి "ఆ, బావున్నాం" అని ఫోన్ నాకిచ్చేసేది అందుకే, నీమీద కోపంతో కాదు. తిరిగి వచ్చిన వారంలోనే డాక్టర్‌కి చూపించాం. పార్కిన్సన్స్ అన్నారు. మొదటి దశే, మందులకి లొంగుతుంది, నయం మాత్రం కాదు. నడవాలి, చేతులకి పని ఉండాలి, ఏ పనీ మాన్పించొద్దు అన్నారు. నీకు చెప్పొద్దని ఆయన నాచేత మాట తీసుకున్నారు. ఆ మాట ఇప్పుడు తప్పాను, ఈ ఉత్తరం పంపాక ఆయనకి చెబుతాను.

ఇక అసలు సంగతి, రాయడానికి ఇంతసేపు వెనకాడినది. పడవ కొనడానికి ఒకాయన వచ్చాడు. నాన్న తాళాలు బల్లమీద పెట్టేశారు, బేరం కూడా ఆడలేదు. ఆయన మొహం చూశాను. మాత్ర మింగే వేళ ఎలా ముడుచుకుంటుందో అలా ఉంది. నేను తాళాలు తీసి కొంగులో కట్టుకుని, "అమ్మడం లేదండీ, క్షమించండి" అని ఆ వచ్చినాయనతో చెప్పేశాను. ఆయన వెళ్ళాక నాన్న అన్నారు, "నీకేమైనా మతిపోయిందా? దాన్ని ఎవరు నడుపుతారు?" "మీరు చెప్పండి, నేను నడుపుతాను," అన్నాను.

మొన్న నువ్వు ఫోన్లో ఆయన్ని అన్నన్ని మాటలన్నావు చూడు, స్వార్థపరుడివని, అమ్మని పీల్చుకు తింటున్నావని. ఆయన నా వంక చూసి, నా పేరు చెప్పకుండా అన్నీ పడ్డారు. పడవ అమ్మనివ్వనిది ఆయన కాదు, నేను. ఆ రోజు నేను ఫోన్ తీసుకుని చెప్పి ఉండాల్సింది. చెప్పలేకపోయాను, నా నోట్లోంచి ఆయన జబ్బు కూడా బయటికొస్తుందని భయపడ్డాను.

ఎందుకు ఆపానంటే గొప్ప కారణమేమీ లేదు. ఇక్కడ గోడకి ఎదురుగా కూర్చోబెట్టి గుండీలు పెట్టడం కంటే, అక్కడ ఎండలో కూర్చుని ఆయన నన్ను తిడుతుంటే తాళ్ళు లాగడం నాకు తక్కువ అలసట. నేను మొద్దునట, గాలి ఎటునుంచి వస్తోందో చెంపతో తెలుసుకోవాలట. వారానికి రెండుసార్లు అరాద్ అఖాతం దాటకుండా తిప్పుతున్నాను. కొత్త లంగరు కొన్నాం, నర్సింగ్ వేసిస్తాడు. ఇంకో ఏడాది ఉండటానికి పర్మిట్ వచ్చింది. ఆ ఏడాది ఇక్కడే ఉంటాం. ఆ తర్వాత నీ దగ్గరికే వస్తాం. నీ పోర్షన్ ఎవరికైనా అద్దెకివ్వు, బాధపడకు. ఇది నిన్ను వద్దనుకోవడం కాదు.

నీకు సెలవు దొరికితే మధులికని తీసుకుని రా. వాంతుల మాత్రలు తెచ్చుకో. ఒక్కటే అడుగుతున్నాను. పడవ ఎక్కేటప్పుడు నాన్నని పట్టుకుని ఎక్కించబోకు. ఆయన ముందే ఎక్కి నిలబడతారు. నీ చిన్నప్పుడు చేసినట్టే నిన్ను పైకి లాగడానికి చెయ్యి చాపుతారు. ఆ చెయ్యి వణుకుతుంది. చూడనట్టు మొహం తిప్పుకోకుండా, పట్టుకుని ఎక్కు.

ఇట్లు,
నిన్ను చూడాలని ఉన్న
మీ అమ్మ
కనకదుర్గ