ప్రేయర్ మైకు ద్వాళికే చెందాలి

మిర్యాలగూడలో కీర్తిశేషులు యేసయ్య గారు పెట్టిన క్రైస్తవ బడికి ప్రస్తుత కరస్పాండెంటును, ఆయన మనవడిని, ఇరవై ఏడేళ్ల జీవన్ అనే నేను, సూర్యాపేటలో ఒక దవాఖాన మంచం మీద కూర్చుని, నా సొంత తెలివితో, ఎవరూ చెయ్యి పట్టి దిద్దించకుండా ఈ వీలునామా రాస్తున్నాను. తెలివి సరిగ్గానే ఉందనడానికి నా ఎమ్మెస్సీ పట్టా సాక్ష్యం. సరిగ్గా లేనిది అపెండిక్సు. రేపు దాన్ని తీసేస్తారు. "చిన్న ఆపరేషనే" అన్నాడు డాక్టరు. నా చేతిలో చెడినవన్నీ చిన్న పనులే కనుక నాకు ధైర్యం చాలలేదు. దీన్ని అమలుచేసే బాధ్యత మా అక్క ప్రవళికది.

1. నా గిటారు అక్కకే. ఏ క్రిస్మస్‌కో పాటల ప్రాక్టీసుకని "పండగవగానే ఇచ్చేస్తాలేరా" అంటూ కోదాడకు పట్టుకుపోయింది. అప్పటినుంచీ వాళ్లింటి బీరువా మీదే ఉంది. జరిగిపోయిన దానికి చట్టం ముద్ర వేస్తున్నాను, అంతే.

2. నా ఇయర్‌ఫోన్లు మా బావ జగదీశ్ గారికి. తాను చర్చిలో పాడేటప్పుడు పక్కన నిలబడ్డవారి చెవుల్లో పెట్టవలెను.

3. తాత కళ్లజోడు ఊర్మిళ టీచరుకు. మూడో తరగతిలో నాకు ఎక్కాలు నేర్పింది ఆమే. ఇప్పుడు నన్ను "సార్" అంటుంది గానీ, చూపు మాత్రం చెవి మెలిపెట్టినట్టే ఉంటుంది. ఈ మధ్య ఆ చూపును తప్పించుకుని తిరుగుతున్నాను. కారణం కింది క్లాజులో ఉంది.

4. బడి మైకు నాలుగో తరగతి చదువుతున్న ద్వాళికి.

ఇక్కడ జోకు లేదు. తాత పెట్టిన పద్ధతి ఒకటుంది. ప్రతి పొద్దున అసెంబ్లీలో ఒక పిల్ల మైకు ముందుకొచ్చి, తన పక్కన కూర్చునే పిల్ల కోసం దేవుణ్ని ఒక్కటి అడగాలి. తన కోసం అడగరాదు. ఏ భాషైనా సరే. చర్చికి పోని ఇళ్ల పిల్లలకూ వంతు ఉండేది. ఇదేం మతబోధ అని ఎవరో అడిగితే తాత అన్నాడట: "పిల్లలు మన దేవుణ్ని మొక్కుతరా లేదా వాళ్లిష్టం. పక్కపిల్ల అన్నం తిన్నదా లేదా సూడకుంట పెరిగితే మాత్రం మనం బడి మూసుకోవాలె."

నేను దాన్ని అభివృద్ధి చేశాను. ఇంగ్లీషు ప్రార్థన ఒకటి అచ్చు వేయించి బట్టీ పట్టించాను. బాగా చెప్పినవాళ్ల వీడియో వాట్సాప్ స్టేటస్‌లో పెట్టాను. అడ్మిషన్లు పెరిగాయి.

పోయిన నెల ద్వాళి వంతు వచ్చింది. త్రిపురారం దగ్గరి తండా పిల్ల. వీడియో నడుస్తోంది. ఆ పిల్ల బట్టీ పట్టింది వదిలేసి, "దేవా, మా శ్రావణి వాళ్లమ్మ దవాఖానల ఉన్నది. శ్రావణి జడ ఏస్కుంటలేదు. జర జల్ది..." అంటుండగా నేను మైకు లాక్కున్నాను. ఊరికే లాక్కున్నా పోయేది. ఆమె గొంతు, ఆమె యాస పెట్టి, "దేవా, జర నాకు ఇంగ్లీషు జల్ది పంపియ్యి" అన్నాను. గ్రౌండంతా నవ్వింది. నా జోకుల్లో అంతగా పేలింది ఇంకోటి లేదు.

శ్రావణి నవ్వలేదు. తన తల్లి కోసం ఎత్తుకున్న మాట సగంలో ఆగిపోయిందని ఏడ్చింది. ద్వాళి ఏడవలేదు కూడా. అసెంబ్లీలో నోరు మూసుకుని నిలబడుతోంది. మళ్లీ వంతు వస్తే వేరేవాళ్లకు ఇచ్చేసింది. "నేనంటే అందరు నవ్వుతరు, టీచర్" అని ఊర్మిళ టీచరుతో అందట.

కాబట్టి మైకు ఆమెది. మాట్లాడినా ఆమె ఇష్టం, మాట్లాడకపోయినా ఆమె ఇష్టం. ఇంకెవరూ దాన్ని ఆమె చేతిలోంచి తీసుకోరాదు, ముఖ్యంగా కరస్పాండెంట్లు.

5. బడి అక్కకు. షరతు ఒక్కటే: తాత పద్ధతి తిరిగి రావాలి. వీడియోలు ఉండరాదు. అడ్మిషన్లు తగ్గితే తగ్గనీ.

6. నా సంతాప సభలో నా హాస్యచతురత గురించి ఎవరూ మాట్లాడరాదు.

7. ఆ పిల్లకు నేను చెప్పాల్సిన క్షమాపణను కూడా అక్క పేర రాద్దామనుకున్నాను. రాసి కొట్టేశాను. అదే గ్రౌండులో, అదే పిల్లల ముందు, నా సొంత గొంతుతో చెప్పాల్సింది. వేరేవాళ్లకు రాసివ్వదగ్గ ఆస్తి కాదు. అందుచేత పై క్లాజుల్లో మిగతావి నేను పోతేనే అమలవుతాయి గానీ, నాలుగు, ఐదు క్లాజులు నేను బతికినా అమలవుతాయి. ఏడోదానికి నేను బతకడం తప్పనిసరి. డాక్టరు గారు గమనించగలరు.

పైన రాసిందంతా నేనే రాశాను, మళ్లీ చదువుకున్నాను, ఒక్కచోట కూడా నవ్వు రాలేదు.

సూర్యాపేట, 11 జులై 2025
(సంతకం) జీవన్

సాక్షులు:
1. సురేందర్, స్నేహితుడు. "కడుపునొప్పికి గింత రాస్తర్రా" అని అడిగి, నాలుగో క్లాజు చదివాక పెన్ను అడిగి తీసుకుని సంతకం చేశాడు.
2. ఊర్మిళ, టీచరు. తన చేత్తోనే రాసింది: "కుట్లు ఇప్పినంక ఇంటికి గాదు, సీదా అసెంబ్లీకొస్తనని మాటిచ్చినంకనే సంతకం పెట్టిన."