షిఫ్టు మారిన రోజు

మల్లేశూ,

నువ్వు పోయి ఏడాదైంది. ఇవాళ శక్తినగర్ కాలనీ మైదానంలో నీ పేరిట హాకీ మ్యాచ్ పెట్టారు.

మన పాత షిఫ్ట్ ఇన్‌చార్జి కూడా వచ్చాడు. ప్లాంటులో ఏ షిఫ్టు వాళ్లది ఆ షిఫ్టు జట్టే కదా. నిన్ను వేరే షిఫ్టుకు మార్చి మన జోడీని విడగొట్టాడని పదేళ్లు నేను పలకరించని మనిషి. ఇవాళ అడిగేశాను.

"నేనేడ మార్చిన తమ్మీ? వాడే అర్జీ పెట్టిండు. ఆ టీమ్‌ల మంచి ఫార్వర్డ్ ఉన్నడు, వానితోని ఆడతనన్నడు. నీకు చెప్పొద్దని ఒట్టేయించుకున్నడు."

నీవైపు చూడకుండానే బంతి కొట్టేవాణ్ణి. నీ కర్ర అక్కడే ఉండేది.

షిఫ్టు మారిన రోజు క్యాంటీన్లో ఆయన్ని నాకంటే గట్టిగా తిట్టింది నువ్వే కదరా. చాలు ఊరుకోరా అని నిన్ను ఆపింది నేను.